అలలు విరగని చోట దిగకండి

ప్రశ్న: నేను మధురవాడలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మూడు నెలలుగా రుషికొండలో శిక్షకుడి దగ్గర సర్ఫింగ్ నేర్చుకుంటున్నాను. ఒడ్డుకు వచ్చే నురుగు అలల మీద ఇప్పుడు నిలబడగలుగుతున్నాను కానీ, ఆదివారాల్లో స్నానాలు చేసేవారి మధ్య బోర్డు తిప్పాలంటేనే భయంగా ఉంటోంది. భీమిలి వైపు వెళితే మనిషి అలికిడి లేని ఇసుక తీరాలు కనిపిస్తున్నాయి. అక్కడ ఒక్కడినే వెళ్లి సాధన చేసుకోవచ్చా? ఏ తీరం మంచిదో ఎలా గుర్తించాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఖాళీ తీరానికి తప్పకుండా వెళ్లండి, కానీ ఒక్కరే వెళ్లకండి. మీ భయంలో న్యాయం ఉంది. అదుపు తప్పిన బోర్డు మొన గాని, దాని అడుగున ఉండే రెక్కలు గాని స్నానానికి దిగిన పిల్లవాడి తలకు తగిలితే జరిగే నష్టం చిన్నది కాదు. పైగా నేర్చుకునే దశలో ఉన్నవారికి ఒకే రకమైన అల పదేపదే దొరకాలి. జనం మధ్య గంటసేపు నీళ్లలో ఉన్నా మీ వంతుకు నాలుగైదు అలలు కూడా రావు. అదే ఖాళీ తీరంలో, పడినా లేచినా ఎవరికీ అడ్డు కాకుండా, చేసిన తప్పును వెంటనే సరిదిద్దుకుంటూ, మోచేతులు నొప్పెట్టే దాకా సాధన చేసుకోవచ్చు.

అయితే రుషికొండలో మీకు తెలియకుండానే మిమ్మల్ని కాచే కళ్లు చాలా ఉంటాయి. శిక్షకుడు, లైఫ్‌గార్డు, ఒడ్డున టీ అమ్ముకునే మనిషి, ఫొటోలు తీసుకుంటున్న కుటుంబం, వీరిలో ఎవరో ఒకరు మిమ్మల్ని గమనిస్తూనే ఉంటారు. బోర్డు తలకు తగిలి స్పృహ తప్పిన మనిషి మునిగిపోవడానికి నడుములోతు నీళ్లు, రెండు మూడు నిమిషాల సమయం చాలు. అందుచేత ఖాళీ తీరానికి కనీసం ఇద్దరు వెళ్లాలి, ఆ రెండోవారికి బాగా ఈత వచ్చి ఉండాలి. ముగ్గురైతే మరీ మంచిది, ఎందుకంటే ఒకరు ఫోను పట్టుకుని ఒడ్డునే ఉండవచ్చు. 108తో పాటు తీర రక్షక దళం నంబరు 1554 కూడా ఆ ఫోనులో ఉండాలి.

ఇక తీరాన్ని గుర్తించడం గురించి. వెళ్లగానే బోర్డుకు మైనం రాయడం మొదలుపెట్టకండి. కాస్త ఎత్తైన ఇసుక మీద అరగంట కూర్చుని, అలలు ఎక్కడ విరుగుతున్నాయో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ విరగడం లేదో చూడండి. నీటి లోతు అల ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. అంటే ఒక మీటరు అల విరిగిందంటే అక్కడ లోతు మీ ఛాతీ దాటదన్నమాట, కింద ఇసుక తిన్నె ఉందన్నమాట. సర్ఫర్లు బీచ్ బ్రేక్ అని పిలిచే ఇసుక తీరాల్లో ఈ తిన్నెలే అలను తయారు చేస్తాయి. ఆ అలలు ఒడ్డు వైపు తోసిన నీరంతా ఎటో ఒకవైపు తిరిగి వెళ్లాలి కదా. రెండు తిన్నెల మధ్య లోతైన సందు దొరికిన చోట అది కాలువలా మారి లోపలికి పరుగెత్తుతుంది. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు, నురుగు ఉండదు, పైకి చెరువులా ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవారి కన్ను సరిగ్గా ఆ చోటు మీదే పడుతుంది.

నా కన్నూ అలాగే పడింది. కొన్నేళ్ల కిందట మంగమారిపేట దాటాక ఒక తీరంలో, రెండు వైపులా నురుగు ఎగసిపడుతుండగా మధ్యలో ఇరవై అడుగుల మేర నీరు నున్నగా కనిపించింది. అటు నుంచి వెళితే శ్రమ లేకుండా లోపలికి చేరుకోవచ్చనుకుని చీలమండకు బోర్డు తాడు కట్టుకుంటున్నాను. ఒడ్డున నీలం రంగు పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన తల ఎత్తకుండానే, “అలల్లేని కాడ దిగొద్దు బాబూ, ఆడే లాగేస్తాది” అన్నాడు. విన్నాను గాని లెక్కచేయలేదు. రెండు నిమిషాల తరువాత వెనక్కి తిరిగి చూస్తే ఆ పడవ అగ్గిపెట్టెంత అయిపోయింది. ఒడ్డు వైపు తిరిగి చేతులు గట్టిగా వేసినకొద్దీ భుజాలు బరువెక్కాయే తప్ప పడవ పెద్దది కాలేదు. అప్పటికి ఆయన వల పక్కన పెట్టి, నీటి అంచుకు వచ్చి, రెండు చేతులూ చాచి పక్కకు, పక్కకు అని ఊపుతున్నాడు. ఒడ్డుకు సమాంతరంగా తిరిగి యాభై బారలు వేశానో లేదో నురుగు ముఖాన కొట్టింది, ఆ వెనుక వచ్చిన అలే నన్ను ఒడ్డుకు తెచ్చి పడేసింది. నేను వెళ్లి దణ్ణం పెట్టేసరికి ఆయన మళ్లీ వల ముందు కూర్చున్నాడు. “పొద్దున్నేటైనా తిన్నావా బాబూ” అని మాత్రం అడిగాడు.

రిప్ కరెంట్ అని పత్రికల్లో వచ్చే ప్రమాదం ఇదే. బలంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు రెండు మీటర్లు దాటగలదు కాబట్టి ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీది గెలవడం కష్టం. అల వరుస మధ్యలో తెగినట్లు ఉండడం, నీటి రంగు ముదరడం లేదా కలిసిన ఇసుకతో మురికిగా కనిపించడం, నురుగూ నాచూ ఒడ్డుకు రాకుండా లోపలికి పోవడం దాని గుర్తులు. అనుమానంగా ఉంటే ఒక కొబ్బరి డొక్క విసిరి అది ఎటు పోతుందో ఐదు నిమిషాలు చూడండి. చిక్కుకుంటే మాత్రం బోర్డును ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి, అది మిమ్మల్ని తేల్చి ఉంచే తెప్ప. ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు కదలండి, అలసిపోతే బోర్డు మీద పడుకుని ఒక చెయ్యి ఎత్తి ఊపండి.

మన తీరానికి ఉన్న ఇంకో గుణాన్ని కూడా మరచిపోకూడదు. విశాఖ నుంచి భీమిలి దాకా కొండలు సముద్రం అంచు వరకూ వచ్చాయి కాబట్టి, ఇసుక తీరమే అనుకున్న చోట కూడా నీటి కింద బండలు ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్ల తేడా ఇక్కడ ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. ఆటు బాగా తీసిన వేళ ఒకసారి బోర్డు లేకుండా వెళ్లి, బయటపడిన బండలు ఏ చెట్టుకు, ఏ కరెంటు స్తంభానికి ఎదురుగా ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. తీరం నిటారుగా దిగే చోట అల ఒడ్డు మీదే ఒక్కసారిగా కూలుతుంది. అలాంటి అలను చూసి ఆనందించాలే తప్ప ఎక్కకూడదు. ఎక్కడైనా సరే పడేటప్పుడు తలకిందులుగా దూకకుండా, చేతులతో తల కప్పుకుని, వెల్లకిలా గాని పక్కకు గాని పడడం అలవాటు చేసుకోండి. సర్ఫింగ్‌లో మెడకు అయ్యే గాయాల్లో ఎక్కువ భాగం లోతు తక్కువైన చోట తల ముందుగా పడడం వల్లనే అవుతాయి.

ప్రశ్న: జూన్‌లో మేము చక్కగా సాధన చేసిన చోటు డిసెంబరులో వెళితే పూర్తిగా మారిపోయింది. అలే రావడం లేదు. రాతి అడుగు ఉన్న తీరాలతో పోలిస్తే ఇసుక తీరాలు తక్కువ రకమా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: తక్కువ రకం కాదు, కాకపోతే నిలకడ లేనివి. రాతి అడుగు కదలదు కనుక అక్కడ అల ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరులో విరుగుతుంది. ఇసుక తిన్నెను ఒక పెద్ద తుఫాను ఒక్క రాత్రిలో చెరిపేయగలదు. నైరుతి రుతుపవనాల కాలంలో పెద్ద అలలు ఒడ్డున ఉన్న ఇసుకను కోసి లోపల తిన్నెలుగా పేర్చుతాయి. సముద్రం శాంతించిన నెలల్లో చిన్న అలలు ఆ ఇసుకను మెల్లగా తిరిగి ఒడ్డుకు చేర్చుతాయి. మీరు జూన్‌లో నిలబడిన తిన్నె డిసెంబరులో మీరు తువ్వాలు పరిచిన ఇసుకగా మారి ఉండవచ్చు. దీనికి తోడు ఇసుక తీరం వెంబడి కూడా నడుస్తుంది, నైరుతి కాలంలో ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి. విశాఖ ఔటర్ హార్బర్ కట్టాక ఉత్తరానికి వెళ్లే ఇసుకకు అడ్డు పడింది కనుకనే, అక్కడ తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయవలసి వస్తోంది. కాబట్టి నచ్చిన చోటు మాయమైందని దిగులు పడకుండా, అటూ ఇటూ ఒక కిలోమీటరు నడిచి చూడండి.

ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ తొలిసారి జరిగినది కూడా ఇసుక తీరంలోనే. 2021లో జపాన్‌లోని త్సురిగసాకి తీరంలో, తుఫాను తెచ్చిన గజిబిజి అలల్లో ఆ పోటీలు జరిగాయి. పురుషుల విభాగంలో బ్రెజిల్‌కు చెందిన ఇతాలో ఫెరైరా, మహిళల విభాగంలో హవాయి అమ్మాయి కరిస్సా మూర్ స్వర్ణ పతకాలు గెలుచుకున్నారు. ఏ అల ఎక్కడ లేస్తుందో తెలియని చోట వేగంగా చదివి, వేగంగా నిర్ణయించుకోగలగడమే అక్కడ గెలిపించింది. ఇసుక తీరంలో నేర్చుకున్నవారికి ఆ చూపు తొందరగా అబ్బుతుందని నేను నమ్ముతాను.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. స్విమ్మింగ్ పూల్‌లో బాగా ఈదుతుంది. సర్ఫింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. మాకు దగ్గరలో నేర్పించవచ్చా? ఆడపిల్లను సముద్రంలోకి పంపడం ఏమిటని ఇంట్లో పెద్దలు అంటున్నారు.
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, పద్నాలుగేళ్లు నేర్చుకోవడానికి చాలా మంచి వయసు. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా సముద్రానికి లేదు, దిగేవారు సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదే లెక్క. పూల్‌లో ఆగకుండా 200 మీటర్లు ఈదగలగడం, పది నిమిషాలు కాళ్లు నేలకు ఆనకుండా తేలుతూ ఉండగలగడం వచ్చాయో లేదో ముందు చూడండి. ఆ తరువాత బోర్డు లేకుండా, శిక్షకుడి పక్కన, సముద్రంలో కొన్ని రోజులు అలల కింద మునిగి లేవడం నేర్పించాలి. పూల్ నీరు తోయదు, లాగదు. ఆ తోపుడు శరీరానికి అలవాటు కావడానికే సమయం పడుతుంది.

చోటు విషయంలో మాత్రం కాకినాడ అనువైనది కాదు. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డుగా ఉండడం వల్ల మీ ఊరి ముందు సముద్రం సరస్సులా ఉంటుంది. ఉప్పాడ వైపు అలలున్నాయి గాని, కోతను ఆపడానికి వేసిన బండరాళ్ల మీదికి అవి నేరుగా వెళ్లి పగులుతాయి. దయచేసి అక్కడ దిగనివ్వకండి. సెలవుల్లో విశాఖకు గాని, చెన్నై దగ్గరి కోవళానికి గాని తీసుకువెళ్లి, గుర్తింపు ఉన్న శిక్షకుల దగ్గర వారం పది రోజులు నేర్పించడం మేలు. మొదటి బోర్డు మెత్తటి ఫోముతో చేసిన ఎనిమిది, తొమ్మిది అడుగులది అయి ఉండాలి. చిన్న బోర్డు చూడడానికి ముచ్చటగా ఉన్నా పిల్లను నిలబడనివ్వదు. వీలైతే మొదటి రోజు మీరూ ఒడ్డున కూర్చోండి. ఇంట్లో పెద్దలకు నచ్చచెప్పడం ఆ తరువాత మీకే తేలిక అవుతుంది.

ప్రశ్న: అలలు ఎప్పుడు బాగుంటాయో ముందుగా తెలుసుకునే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉంది, అదీ సముద్రమే లేని హైదరాబాద్ నుంచి వస్తుంది. ప్రగతి నగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మన తీరమంతటికీ అలల ఎత్తు, వాటి మధ్య వ్యవధి, గాలి దిశలను ముందుగా ప్రకటిస్తుంది. చాలామంది ఎత్తు ఒక్కటే చూస్తారు. వ్యవధి అంతకంటే ముఖ్యం. ఐదారు సెకన్లకు ఒకటి వచ్చేది దగ్గరలోని గాలి లేపిన అల, దానిలో క్రమం ఉండదు. పద్నాలుగు సెకన్లకు ఒకటి వస్తోందంటే అది దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో పుట్టి, గంటకు దాదాపు 40 కిలోమీటర్ల చొప్పున, వారం రోజులు ప్రయాణించి వచ్చిన అల, సర్ఫర్లు స్వెల్ అని పిలిచేది. ఎత్తు మీటరే అయినా దాని బలం చాలా ఎక్కువ. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుందని కూడా గుర్తుంచుకోండి. మొదటి ఏడాది మీటరు దాటిన రోజుల్లో ఒడ్డునే ఉండి గమనించడం మంచిది.

రోజులో తెల్లవారుజామే మేలైన సమయం. రాత్రంతా చల్లబడిన నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి అల ముఖాన్ని నున్నగా దువ్వి, కాసేపు ఎక్కువగా నిలబెడుతుంది. పది గంటలు దాటి నేల వేడెక్కాక గాలి తిరుగుతుంది, అల నలిగిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఎండ కాస్తున్నా సరే, వాయుగుండం వార్త ఉన్న రోజున దిగకండి. మత్స్యకారులు పడవలు పైకి లాగిన రోజు మీ బోర్డు కూడా ఇంట్లోనే ఉండాలి.

ప్రశ్న: మేము వెళ్లే తీరంలో జాలర్లు కోప్పడుతున్నారు. సముద్రం అందరిదీ కదా?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: సముద్రం అందరిదే, కానీ ఆ ఒడ్డు వారి పని చోటు. మనకు ఖాళీగా కనిపించే తీరం నిజానికి వారి పని అయిపోయాక మిగిలినది. అలివి వల వేసినప్పుడు పడవ వలను అర్ధచంద్రాకారంగా దించి వస్తుంది, రెండు కొసల తాళ్లను ఒడ్డున జనం రెండు జట్లుగా నిలబడి గంటల తరబడి లాగుతారు. ఆ మధ్యలో బోర్డు వేసుకుని తిరిగితే చేపలు బెదురుతాయి, మీ రెక్కలకు వల చిరుగుతుంది, తాడు మీ మెడకు తగలవచ్చు కూడా. కోపం రావడంలో వింత లేదు. తెప్ప మీద నిలబడి విరిగే అలలను దాటి వెళ్లడం వారు తరతరాలుగా చేస్తున్న పని కాబట్టి, ఆ తీరంలో తిన్నెలు ఎక్కడున్నాయో, ఏ నెలలో ఎటు లాగుతుందో వారికంటే బాగా చెప్పగలవారు లేరు. రేపు వెళ్లినప్పుడు బోర్డు దించే ముందు వారి దగ్గరకు వెళ్లి, వల ఎప్పుడు వేస్తారో, ఎంతసేపు పడుతుందో, ఎటు వైపు దిగమంటారో అడగండి. వల లాగే వేళకు వెళితే మీరూ తాడు మీద ఒక చెయ్యి వేయండి. డిసెంబరు నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కనుక, ఇసుక మీద వాటి జాడలు కనిపిస్తే తొక్కకుండా పక్కనుంచి నడవండి.