22 నిమిషాలకు 1,200 డాలర్లా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 41, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్ల కిందట మా అమ్మాయిని గుర్రపు స్వారీ క్లాసుల్లో చేర్పిస్తే అది ఆరు నెలలకే మానేసింది, నేను మాత్రం మానలేకపోయాను. డెంటన్ కౌంటీలో ఒక బార్న్‌లో (గుర్రాలశాల) 17 ఏళ్ల క్వార్టర్ హార్స్ జాతి గుర్రాన్ని హాఫ్ లీజుకి (ఓనర్‌తో పంచుకునే అద్దె) తీసుకుని డ్రెసాజ్, అంటే గుర్రాన్ని చెప్పినట్టు నేర్పుగా నడిపించే స్వారీ, నేర్చుకుంటున్నాను. పోయిన నెల మొదటిసారి అమెరికా గుర్రపు స్వారీ ఫెడరేషన్ గుర్తింపు ఉన్న షోకి (పోటీకి) వెళ్లాను. రెండు రోజులు, కింది మెట్టయిన ట్రైనింగ్ లెవెల్లో నాలుగు టెస్టులు, అంటే ముందే రాసిచ్చిన వరసలో గుర్రాన్ని నడిపి చూపించడం. ఎంట్రీలు 200, గుర్రం ఉండే స్టాల్‌కీ, కింద పరిచే రంపప్పొట్టుకీ 240, ఆఫీసు, ఫెడరేషన్ ఫీజులు 80, ట్రైలర్ 180, కోచ్‌కి 200, హోటల్, తిండి 300. మొత్తం 1,200 డాలర్లు! అరేనాలో ఉన్నది 22 నిమిషాలు, వచ్చింది 58 శాతం. సర్కిళ్లు సైజు తప్పాయి, మూలలు కోసేశావు అని జడ్జి రాశారు. మా ఆయన ఏమీ అనలేదు కానీ బిల్లు చూసిన ఆయన ముఖం గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు. ఈ డబ్బంతా ఎవరి జేబులోకి పోతోంది? బార్న్‌లో చిన్నపిల్లలకి క్లాసులు చెప్పి కొంత రాబట్టుకోవచ్చా? లేక మానేయనా?

జవాబు: చెల్లీ, మానొద్దు. కానీ ఈ ఏడాది ఇంకో పెద్ద షోకి ఎంట్రీ కూడా కట్టొద్దు.

డబ్బు ఎవరి జేబులోకీ పోవడం లేదు, అదే ఇందులో బాధ. అరేనా 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, అందులోకి ఒక్కసారి ఒక్క గుర్రమే వెళ్తుంది, ఒక్కో టెస్టుకి ఐదారు నిమిషాలు, మధ్యలో ఖాళీ కలుపుకుంటే ఒక జడ్జి గంటకి ఎనిమిది మందిని చూస్తే గొప్ప. ఆ జడ్జి విమానం టికెట్టు, హోటలు, రోజు ఫీజు, రూల్స్ చూసే టెక్నికల్ డెలిగేట్ ఖర్చు, ఎవరైనా పడితే చూడటానికి వైద్య సిబ్బంది, గ్రౌండ్ అద్దె, ఇవన్నీ ఆ కొద్దిమంది మీదే పడతాయి కాబట్టి బిల్లు తడిసి మోపెడవుతుంది. చాలా షోలు నడిపేది లోకల్ క్లబ్బులు, వాలంటీర్లు. గెలిచినా చేతికొచ్చేది శాటిన్ రిబ్బన్.

క్లాసులు చెప్పే ఆలోచన ఇప్పుడే పక్కన పెట్టు. డబ్బు తీసుకుని రైడింగ్ నేర్పితే అమెచ్యూర్ హోదా పోయి ప్రొఫెషనల్స్‌తో పోటీ పడాల్సి వస్తుంది. గుర్రాలకు మేత వేయడం, మాలిష్ చేయడం, స్టాల్స్ శుభ్రం చేయడం లాంటి పనులకి డబ్బు తీసుకుంటే ఆ ఇబ్బంది లేదు. లీజు డబ్బులో తగ్గిస్తారేమో మీ బార్న్ ఓనర్ని అడుగు, అడగడానికి మొహమాటపడకు.

ఇక 58 సంగతి. జడ్జి రాసిన రెండు తప్పులూ ఇంట్లో పైసా ఖర్చు లేకుండా దిద్దుకోవచ్చు. మీ బార్న్ అరేనా 40 మీటర్లదేనా? అయితే నీ సర్కిళ్లు ఎందుకు పోయాయో చెప్పగలను. అరేనాలో చోట్లకి ఇంగ్లీషు అక్షరాలు గుర్తులు కదా, చిన్న అరేనాలో పొట్టి గోడ మధ్యనున్న ‘ఏ’ అక్షరం దగ్గర మొదలుపెట్టిన 20 మీటర్ల సర్కిల్ నడిమధ్యనున్న ‘ఎక్స్’ దాకా వస్తుంది. 60 మీటర్ల దాంట్లో ఎక్స్ 30 మీటర్ల దూరంలో ఉంటుంది, అలవాటు కొద్దీ అక్కడిదాకా పోతే సర్కిల్ కోడిగుడ్డు అవుతుంది. పెద్ద అరేనాలో మూల అక్షరాలు 6 మీటర్ల దగ్గర ఉంటాయి, సర్కిల్ గోడని తాకాల్సింది వాటికి ఇంకో 4 మీటర్ల అవతల. టేపుతో కొలిచి నాలుగు కోన్లు పెట్టు, నెల రోజులు వాటి చుట్టూనే తిరుగు.

ఈలోగా గుర్తింపు లేని స్కూలింగ్ షోలకి వెళ్లు. టెస్టు అదే, మార్కులు అలాగే 0 నుంచి 10, ఎంట్రీ చాలా తక్కువ, పొద్దున్నే ట్రైలర్లో వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు కాబట్టి స్టాలూ హోటలూ మిగులుతాయి. గుర్రానికి జూలు అల్లించడం తప్పనిసరి కాదు, రెండు కడ్డీల డబుల్ కళ్లెం పై మెట్టయిన థర్డ్ లెవెల్ చేరేదాకా వాడనివ్వరు కూడా, కోటు సెకండ్ హ్యాండ్‌ది చాలు. కోచ్ దగ్గర క్లాసులు మాత్రం తగ్గించకు. షోకి డబ్బు కోసం క్లాసులు మానేసినవాళ్లని చూశాను, అవే మార్కులు మూడేళ్లు వస్తూ ఉంటాయి.

ఇంకొక్కటి, ఇది నిజంగా చెయ్యి. షోలో జడ్జి పక్కన కూర్చుని ఆవిడ చెప్పింది రాసే స్క్రైబ్‌గా వాలంటీర్ చెయ్యి. నేను మొదటిసారి కూర్చున్న రోజు పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా పాతిక గుర్రాల్ని చూశాను. ఫ్రీ వాక్ (పగ్గం వదులు చేసి గుర్రాన్ని నడవనివ్వడం) మార్కు రెట్టింపు లెక్క అని చదివి తెలుసు, కానీ పగ్గం వదలగానే మెడ చాచి హాయిగా నడిచిన ఒక ముసలి గుర్రానికి 8 రాస్తూ ఉంటే, దాని వెనకే ఖరీదైన యూరప్ గుర్రం బిగుసుకుపోయి 5 దగ్గర ఆగిపోతే, నా చెయ్యి ఆగింది. నీ 17 ఏళ్ల గుర్రం ఆ 8 తేగలదు. స్కూలింగ్ షోల్లో వరసగా 63, 64 వచ్చాక అప్పుడు పెద్ద షో, ఏడాదికి రెండు, అవి ఏవో ముందే మీ ఆయనతో కూర్చుని క్యాలెండర్లో రాసుకోండి.

ప్రశ్న: 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లకి గోల్డ్ వచ్చాక మా అబ్బాయి (14) డ్రెసాజ్ అంటున్నాడు. గుర్రం కొనమంటారా? – ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే కొనకండి సార్. ఆ గోల్డ్ 41 ఏళ్ల తర్వాత గుర్రపు స్వారీలో మనకొచ్చిన మొదటిది, దాని వెనక ఆ నలుగురూ యూరప్‌లో ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది. గుర్రం ధర ఒక్కసారే కడతాం, మేత, నాడాలు, డాక్టరు, చూసుకునే మనిషి జీతం మాత్రం ప్రతి నెలా. ముందు రెండేళ్లు రైడింగ్ స్కూలు గుర్రాల మీదే, వారానికో కొత్త గుర్రం మీద ఎక్కనివ్వండి. మొండి గుర్రం ఇచ్చిన రోజు కూడా ఇష్టంగానే వెళ్తున్నాడా అన్నది చూసి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.