విశ్వాసం చాలకే పిల్లలు పుట్టలేదంటున్నారు

ప్రశ్న: నా వయసు 31. పెళ్లయి ఆరేళ్లయింది, పిల్లల్లేరు. నాకు చేసిన టెస్టులన్నీ బాగానే ఉన్నాయి, థైరాయిడ్ ఒక్కటే ఉందన్నారు. మా వారు మాత్రం టెస్టుకు రానంటారు. "మగాడికేంటి టెస్టు" అంటారు. మా అత్తగారు ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్తారు. అక్కడ ఒకామె నా పేరు పెట్టి, "ఈమె అవిశ్వాసం తీసెయ్యి ప్రభువా" అని అందరి ముందూ ప్రార్థించింది. మందులు మింగుతూ దేవుణ్ణి నమ్ముతున్నానంటే ఎలా అని అడిగారు. దాంతో రెండు నెలల క్రితం థైరాయిడ్ మాత్రలు కూడా మానేశాను. బైబిల్లోని హన్నాలా, శారాలా విశ్వాసం ఉంటే దేవుడు గర్భం తెరుస్తాడంటున్నారు. ప్రార్థనకు కూర్చుంటే నాకు ఏడుపు తప్ప మాట రావడం లేదు. ఆ విశ్వాసం నాకెందుకు లేదు?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి. వెంటనే మీ డాక్టరును కలిసి, రెండు నెలలుగా మానేశానని దాచకుండా చెప్పండి. థైరాయిడ్ అదుపులో లేకపోతే నెలసరి గాడి తప్పుతుంది, గర్భం నిలవడం కష్టమవుతుంది. గర్భం వచ్చాక కూడా తొలి నెలల్లో కడుపులో బిడ్డకు కావలసిన థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే అందాలి. పిల్లల కోసమని మీరు మానేసిన మందు పిల్లల కోసమే కావాలన్నమాట. అది పరగడుపున నీళ్లతో వేసుకునే మాత్ర, ఉపవాసం రోజు కూడా వేసుకోవచ్చు. గుక్కెడు నీళ్లకే ఉపవాసం పోయిందని ఎవరైనా అంటే, ఆ గుక్కెడు నీళ్లు తాగే ప్రార్థనకు కూర్చోండి.

మందుకూ విశ్వాసానికీ పడదన్నది బైబిల్లోది కాదు. లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని రాశాడు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ, ఉన్నదంతా వైద్యులకే ఖర్చుపెట్టి యేసు దగ్గరకు వచ్చింది. వాళ్ల దగ్గరకు ఎందుకు వెళ్లావని ఆయన అడగలేదు. కుమారీ అని పిలిచి, నీ విశ్వాసమే నిన్ను బాగుచేసిందన్నాడు.

ఇక మీ ప్రశ్న. లూకా సువార్త మొదటి అధ్యాయం తీయండి. ఆరో వచనంలో జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులనీ, వాళ్లలో తప్పు పట్టడానికి లేదనీ ఉంటుంది. ఏడో వచనంలో వాళ్లకు పిల్లల్లేరని ఉంటుంది. రెండూ పక్కపక్కనే. పిల్లల్లేని ఆడదాని భక్తిలో ఏదో లోపం ఉందనే వాళ్లకు ఈ రెండు వచనాలూ చూపిస్తే చాలు. ఆ ఇంట్లో, కొడుకు పుడతాడన్న దూత మాట నమ్మలేక మూగబోయింది కూడా యాజకుడైన భర్తే. అయినా వాళ్లకు యోహాను పుట్టాడు. శారా సరేసరి. ఈ వయసులో నాకు బిడ్డా అని లోలోపల నవ్వుకుంది, పైగా నవ్వలేదని బొంకింది. ఆమె పేరు హెబ్రీ పత్రికలో విశ్వాసవీరుల వరసలో ఉంది.

హన్నా కథ మీకు చెప్పినవాళ్లు సగమే చెప్పినట్టున్నారు. మొదటి సమూయేలు మొదటి అధ్యాయం ఒకసారి మీరే తీరిగ్గా చదవండి. ఏటేటా ఆరాధనకు షిలోహు మందిరానికి వెళ్లినప్పుడల్లా సవతి పెనిన్నా సూటిపోటి మాటలతో ఏడిపించేది. హన్నా అన్నం ముట్టేది కాదు. భర్త ఎల్కానా మంచివాడే. "పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కానా" అని ప్రేమగానే అడిగాడు. దానికి ఆమె బదులు చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. లేచి మందిరానికి వెళ్లి ఏడ్చింది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినపడటం లేదు. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ అది చూసి, తాగి వచ్చిందనుకుని మందలించాడు.

ఇక్కడ కాస్త ఆగండి. అవతల ఉన్నది యాజకుడు, పెద్దాయన. హన్నా తల వంచుకుని వచ్చేయలేదు. నేను తాగలేదయ్యా, దుఃఖం పట్టలేక దేవుని ముందు చెప్పుకుంటున్నాను, నన్ను పనికిమాలినదానిగా అనుకోవద్దు అని చెప్పింది. మర్యాద తప్పలేదు, అలాగని మాట మింగేయనూ లేదు. ఏలీ కూడా పంతానికి పోకుండా దీవించి పంపాడు. ఆ తర్వాత ఆమె వెళ్లి భోజనం చేసింది. ముఖంలో దిగులు పోయింది. అప్పటికింకా గర్భం రాలేదు సుమా. మీరు సిగ్గుపడుతున్న ఏడుపే హన్నా ప్రార్థన. ఆమెలో ఉండి మీలో ఇంకా బయటికి రానిది ఆ జవాబు చెప్పే ధైర్యం ఒక్కటే.

ఆ ధైర్యం ముందుగా ఇంట్లోనే కావాలి. ఎల్కానా సంగతి తేలిపోయింది, పెనిన్నాకు పిల్లలున్నారు. మీ వారి సంగతి ఇంకా తేలలేదు. (మొరటుగా అన్నాననుకోకండి, ఎవరో ఒకరు అనాల్సిన మాటే.) పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో, కారణం పూర్తిగానో కొంతో మగవారి వైపే ఉంటుంది. వీర్య పరీక్షకు సూదిపోటు లేదు, ఆపరేషన్ లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి ల్యాబ్‌లో శాంపిల్ ఇవ్వడమే. ఏదైనా తేడా కనిపిస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తారు, కాబట్టి ఒక్క రిపోర్టుకే కంగారు పడక్కర్లేదు.

ఆయన రానంటున్నది మొండితనంతో కాదేమో, భయంతో కావచ్చు. ఆ రిపోర్టంటే మగతనానికి మార్కులు వేసినట్టే అనుకుంటారు చాలామంది. అందుకే అత్తగారి ముందు ఎత్తకండి, గొడవ మధ్యలో అసలే వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు ఇలా అని చూడండి: "ఏమండీ, ఆరేళ్లుగా సూదులు పొడిపించుకున్నదీ నేనే, మాటలు పడుతున్నదీ నేనే. మీలో లోపం వెతకాలని కాదు. ఈసారి ఇద్దరం కలిసి వెళ్దాం." డాక్టరు దగ్గరకు వస్తే చాలు, మిగతాది డాక్టరే చెబుతారు. ఎంత చెప్పినా కదలకపోతే, ఆయన మాట వినే అన్నయ్యో బావగారో ఉంటారు కదా, వాళ్ల చేత చెప్పించండి.

శుక్రవారం కూడిక గురించి పాస్టరమ్మగారిని విడిగా కలవండి. "నా కోసం ప్రార్థన చేయండి, కానీ అందరి ముందూ నా పేరు ఎత్తవద్దని చెప్పండమ్మా" అంటే చాలు. అప్పటికీ ఆగకపోతే కొన్నాళ్లు ఆ కూడిక మానేసి ఆదివారం ఆరాధనకు మాత్రం వెళ్లండి. మీ అత్తగారు నొచ్చుకుంటారు, నిజమే. బహుశా ఆమెను కూడా బంధువులు మనవడేడని అడిగి అడిగి విసిగించి ఉంటారు. థైరాయిడ్ గురించి డాక్టరు చెప్పేటప్పుడు ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, మీరు చెప్పే దానికన్నా బాగా ఎక్కుతుంది.

చివరికి పిల్లలు పుట్టకపోతేనో అన్న భయం మీ ఉత్తరంలో రాయకపోయినా కనిపిస్తోంది. మిర్యాముకు, న్యాయాధిపతి దెబోరాకు, మార్తకు, మగ్దలేనే మరియకు పిల్లలున్నట్టు బైబిల్ ఎక్కడా చెప్పదు. పిల్లల విషయంలో వాళ్లను తక్కువ చేసి ఒక్క మాటా రాయదు. మీ బాధకు ఇది మందు కాదని తెలుసు. పక్కింటి బిడ్డ బారసాలకు వెళ్లి నవ్వలేకపోతే ఆ రోజుకు వెళ్లకండి, అది అసూయ కాదు.

ఐవీఎఫ్ గురించి, దత్తత గురించి ఇద్దరి రిపోర్టులూ చేతికొచ్చాక రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. మీ వారికి ఏ పరీక్షా చేయకుండానే ప్యాకేజీ రేటు చెప్పే సెంటర్ అయితే, డబ్బు కట్టకుండా బయటికి వచ్చేయండి.