చెంబుకూ దోసిలికీ మధ్య

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ అందింది. ఒకసారి ఊరికే చదివి, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఒడియా బడిలో చేరిన తెలుగు పిల్ల మొదటిరోజు హాజరు పలకడానికి కూడా జంకడం, వెనక బెంచీ పిల్లలు "తెలెంగా" అని గేలి చేస్తే ఇంటికొచ్చి అన్నం ముట్టకపోవడం చాలా బాగా రాశావు. ఆ పేజీలో నేను ఒక్క అక్షరం మార్చలేదు.

మనకు ఆ అవమానం రెండు వైపులా ఉంది. ఇక్కడ ఒడిశాలో పరాయివాళ్లం. తెలుగునాట అడుగుపెడితే మన మాటే వాళ్లకు వినోదం. తెలుగు సినిమా ఏళ్ల తరబడి మన యాసను పనిమనిషి నోటా, ఏమీ తెలియని అమాయకుడి నోటా పెట్టి హాలంతా నవ్వించింది. నీ కథానాయిక హైదరాబాదు హాస్టల్లో ఆ నవ్వు విని, నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయిన చోట నాకు ఒళ్లు మండింది. చదివేవాళ్లకు అలా మండాలి కూడా.

ఇక నన్ను పట్టుకుని కదలనివ్వని చోటు గురించి చెబుతాను. గుణుపురం సంత రోజున కొండచీపుళ్లు, చింతపండు మోసుకుని ఒక సవర ఆదివాసీ స్త్రీ ఆ ఇంటి ముందుకు వస్తుంది. ఎండలో వచ్చిందని కథానాయిక తల్లి జాలిపడుతుంది. "అమ్మ చెంబు ఎత్తి ఆమె దోసిట్లో నీళ్లు పోసింది" అని రాశావు. తల్లి మంచితనం చూపించడానికే ఆ వాక్యం రాశావని తెలుస్తూనే ఉంది.

చెంబు ఎత్తడం ఎందుకమ్మా? ఆ ఇంట్లో గ్లాసులు లేవా? రెండు పేజీల ముందు బ్యాంకు ఉద్యోగి వచ్చినప్పుడు అదే తల్లి, అదే వరండాలో, స్టీలు గ్లాసులో మజ్జిగ ఇచ్చింది. చెంబు అంచుకూ ఆ దోసిలికీ మధ్య జానెడు ఎడం ఉంది. నీ కథ ఉన్నది అక్కడే. నువ్వు ఆ ఎడాన్ని కళ్లారా చూశావు, చూసినట్టే రాశావు, ఏం చూశావో మాత్రం గుర్తుపట్టలేదు. తల్లిని చెడ్డదాన్ని చేయమని నేననడం లేదు. ఆమె మంచిదే. అంత మంచి మనిషి చెయ్యి కూడా ఏ ఆలోచనా లేకుండా సరిగ్గా ఆ ఎత్తుకు ఎలా లేస్తుందో రాయి. ఆ మజ్జిగ సన్నివేశాన్ని కొట్టేయకు, దాన్ని దీని పక్కకు జరుపు. వ్యాఖ్యానం అక్కర్లేదు, చదివేవాళ్లకు కళ్లున్నాయి.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దాన్ని పాటించేవాళ్లను శిక్షించడానికి 1955లో చట్టం వచ్చింది. దళితుల మీద, ఆదివాసుల మీద జరిగే అత్యాచారాలను అరికట్టడానికి 1989లో ఇంకో చట్టం వచ్చింది. అవన్నీ కావలసినవే. కాకపోతే జాలితో ఎత్తిన చెంబు మీద ఎవరూ ఫిర్యాదు చేయరు, దానికి సాక్షులూ ఉండరు. అందుకే అది రాసేవాళ్లుగా మన పని.

ఇంకొకటి. ఆమెకు నువ్వు పేరు పెట్టలేదు. బ్యాంకు ఉద్యోగికి పేరుతో పాటు ఇంటిపేరు కూడా ఉంది. ఆ ఇంటి కుక్కకు పేరుంది. ఆమె మాత్రం కథ పొడుగునా "సవరది". పైగా ఆమె మాట్లాడిన తెలుగును విరిచి, ఒత్తులు తీసేసి, నవ్వు పుట్టేలా రాశావు. హాస్టల్లో నీ కథానాయికకు జరిగింది ఇదే కదా తల్లీ! సంతకు వెళ్లి ఒక పూట నిలబడు. ఆమె వదినతో సవరలో ధర అనుకుంటుంది, షావుకారుతో తెలుగులో బేరమాడుతుంది, ఆశీలు వసూలుకు వచ్చినవాడితో ఒడియాలో తగువు పడుతుంది. మూడు భాషల్లో నెగ్గుకొస్తున్న మనిషిని మాట రానిదాన్ని చేశావు. ఆమె తన భాషలో మాట్లాడినప్పుడు నిండైన, తప్పులేని తెలుగులో రాయి. సవర రాని కథానాయికకు ఆ మాటలు అందకపోతే, అందలేదనే రాయి. ఆ కొరత కథానాయికది.

మాటను బట్టి మనిషి ఎత్తు కొలవడం సాహిత్యంలో ఈనాటిది కాదు. సంస్కృత నాటకంలో రాజు సంస్కృతం మాట్లాడతాడు, అతని పక్కనే ఉన్న రాణీ, చెలికత్తే ప్రాకృతం మాట్లాడతారు. దాన్ని ఎదిరించినవాళ్లూ సాహిత్యంలోనే ఉన్నారు. మేఘాలూ హంసలూ సందేశాలు మోసిన కావ్యాలు మనకు చాలానే ఉన్నాయి. 1941లో జాషువా ఆ పని గబ్బిలానికి అప్పగించారు. మనిషిని రానివ్వని గుడిలో గబ్బిలం వేలాడుతుంది, దాన్ని ఎవరూ ఆపరు. ఆ ఎంపిక ఒక్కటి చాలు. నీ కథ చివర కథానాయిక సమానత్వం గురించి చేసే ప్రసంగం ఒకటిన్నర పేజీ ఉంది. దాన్ని మొత్తం తీసేయి.

గిడుగు రామమూర్తి గారిని వాడుక భాష కోసం పోరాడిన పండితుడిగా పాఠంలో చదివి ఉంటావు. మా ఊళ్లో ఆయన బడిపంతులు. సవరల భాష నేర్చుకుని, అందులో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే తెలుగువాళ్లకు అన్యాయం జరుగుతుందని ఎదిరించి, 1936లో ఆ రాష్ట్రం ఏర్పడిన రోజున ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయిందీ ఆయనే. తనవాళ్ల బాధ ఆయనకు అంతగా తెలుసు, అయినా అది సవరల బాధకు అడ్డు రాలేదు. నీ కథలో ఇప్పటికి మొదటి సగమే ఉంది.

అదే 1936లో మంగెయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సోంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. నువ్వేమో ఆమెకు అక్షరం ముక్క రాదని ఒక్క మాటలో తేల్చేశావు. ఏ అక్షరాలు రావో కనుక్కున్నావా?

ఇవన్నీ చదివి ఆమెను దేవతను చేస్తావేమోనని కూడా నాకు భయంగా ఉంది. ఆమె చింతపండులో గింజలు ఉంచి తూయగలదు, కోడలి మీద అరవగలదు. గోపీనాథ్ మహంతి 'పరజా' చదువు. 1945 నాటి నవల. కోరాపుట్‌లో ప్రభుత్వోద్యోగం చేసిన ఒడియా రచయిత, షావుకారు అప్పులో చిక్కుకున్న ఒక పరజా ఆదివాసీ కుటుంబం గురించి రాశారు. ఆ ఇంటి పెద్ద సుక్రు జానికి ఆశలున్నాయి, పంతాలున్నాయి, పొరపాట్లున్నాయి. మన జాలి అతనికి అక్కర్లేదు. నీకు ఒడియా వచ్చు కాబట్టి మూలంలోనే చదవగలవు. ఆ భాషను నీకు అవమానంతో పాటే ఇచ్చారు, నిజమే. అయినా వచ్చిన భాషను వదులుకోకు. చదువుతూ ఉన్నప్పుడు ఇంకో ప్రశ్న కూడా పక్కన పెట్టుకో: ఇదే కథను పరజాలే రాసి ఉంటే ఎలా ఉండేది?

వాళ్ల గురించి రాయడానికి నాకు హక్కుందా అని అడిగావు. రాయి. రాశాక అచ్చుకు పంపకముందే మీ కాలేజీలో చదివే సవర అమ్మాయిలకు వినిపించు. "మేం ఇలా అనం" అని వాళ్లు చెప్పిన చోట వాదించకు, పెన్సిలు తీసి రాసుకో. ఆమె పేరు కూడా వాళ్లనే అడుగు. నువ్వు ఊహించి పెట్టేది పాత సినిమాల్లో గూడెం పిల్ల పేరులా ఉంటుంది.

దసరా సెలవులకు వస్తావు కదా. కొత్త ప్రతిని కాగితానికి ఒకవైపే రాసి, మార్జిను బాగా వదిలి తీసుకురా. 'పరజా' ఒడియా ప్రతి నా దగ్గర ఉంది, అప్పుడు ఇస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి