ముందు పెద్దలు, తరువాత పాస్టరు: బెంగళూరులో మా తెలుగు సంఘం అనుభవం

మీరు అడిగింది ఇదీ: వైట్‌ఫీల్డ్ దగ్గర కొన్ని తెలుగు కుటుంబాలు శనివారం సాయంత్రాలు ఒక ఇంట్లో ప్రార్థనకు కూడుకుంటున్నారు. దాన్ని ప్రెస్బిటేరియన్ సంఘంగా, అంటే సంఘం ఎన్నుకున్న పెద్దలు పాస్టరుతో కలిసి నడిపే క్రైస్తవ సంఘంగా స్థాపించాలంటే ముందు హాలు చూసుకోవాలా, పాస్టరును పిలుచుకోవాలా? అమెరికాలో ఉన్న బంధువులు డబ్బు పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా?

ముందు పెద్దలను సిద్ధం చేసుకోండి. మిగిలినవన్నీ ఆ తరువాతే. మారతహళ్లి వైపు మా సంఘం కూడా ఇలాంటి ఇంటి కూటంగానే మొదలైంది. అప్పటి నుంచీ అందులో ఉన్నాను, ఇప్పుడు సంఘ పెద్దలలో ఒకడిని.

మీ కూటంలో పుట్టుకతో ప్రెస్బిటేరియన్ అయినవారు ఒక్కరూ ఉండకపోవచ్చు. మాలోనూ లేరు. గుంటూరులో 1842 నుంచి లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో బాప్టిస్టులు, గోదావరి డెల్టాలో బ్రదరన్ వారు వేళ్లూనుకున్నారు. దక్షిణాదిలో ఉన్న ప్రెస్బిటేరియన్లలో ఎక్కువమంది 1908లో కాంగ్రిగేషనల్ సంఘాలతో కలిసి దక్షిణ ఇండియా ఐక్య సంఘం అయ్యారు. 1947 సెప్టెంబరు 27న అది ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ) అయింది. దాంతో బిషప్పుల పాలన వచ్చింది. కబ్బన్ రోడ్డులోని సెయింట్ ఆండ్రూస్ చర్చి 1866లో స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ల కోసం తెరిచినదే, ఇప్పుడు సీఎస్‌ఐలో ఉంది. ఈనాడు బెంగళూరులో ప్రెస్బిటేరియన్ అంటే చాలామందికి మిజోరం, మేఘాలయ నుంచి వచ్చినవారే గుర్తొస్తారు.

అయినా ఈ పద్ధతినే మేము ఎందుకు కోరుకున్నామో చెప్పాలి. మాలో కొందరు అంతకుముందు ఒక స్వతంత్ర సంఘంలో ఉండేవారు. అక్కడ స్థలం పాస్టరుగారి పేరిట, బ్యాంకు ఖాతా ఆయన పేరిట, ఆయన తరువాత కుర్చీ ఆయన కుమారుడిది. లెక్క అడిగినవాడు దైవజనుడిని ఎదిరించినట్టు! ప్రెస్బిటేరియన్ సంఘంలో అధికారం ఒక్కరి చేతిలో ఉండదు. సంఘం ఎన్నుకున్న పెద్దలు పాస్టరుతో కలిసి సెషన్‌గా కూర్చుంటారు, వారి ఓటుకూ ఆయన ఓటుకూ విలువ ఒకటే. ఆ పైన కొన్ని సంఘాల పాస్టర్లు, పెద్దలు కలిసిన ప్రెస్బిటరీ ఉంటుంది. సెషన్ తనకు అన్యాయం చేసిందని అనుకున్న సభ్యుడు అక్కడికి వెళ్లి చెప్పుకోవచ్చు. గాయపడి వచ్చినవారికి ఈ ఒక్క సంగతి ఎంత ధైర్యమో నేను కళ్లారా చూశాను.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని ఒక ప్రెస్బిటరీని కలవడం. మీకు సొంత పెద్దలు ఏర్పడే వరకు పొరుగు సంఘం పెద్దలను వారు తాత్కాలికంగా నియమిస్తారు. మాకు వచ్చినవారికి తెలుగు రాదు. మా మాటలు ఒకరు ఇంగ్లీషులో చెప్తుంటే ఓపికగా రాసుకునేవారు.

పెద్దల ఎన్నికలో మాత్రం తొందరపడకండి. మాలోనూ ఎక్కువ కానుక ఇచ్చే ఒక మేనేజరుగారి పేరు అందరి నోటా వినబడింది. మంచి మనిషే, కానీ ఎవరి ఇంటికీ వెళ్లినవాడు కాడు. బైబిల్లో మొదటి తిమోతి మూడో అధ్యాయం, తీతు మొదటి అధ్యాయం చదివి, దాదాపు ఏడాది పాటు ఆసక్తి ఉన్నవారందరికీ శిక్షణ ఇచ్చాం. విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే వెస్ట్‌మినిస్టర్ లఘు ప్రశ్నోత్తరిలోని 107 ప్రశ్నలు వరుసగా చదివాం, జబ్బుపడినవారి దగ్గరికి జంటలుగా వెళ్లాం. ప్రెస్బిటరీ వారు పరీక్షించిన తరువాత రహస్య ఓటు పెట్టారు. ఎన్నికైనవారిలో ఒకరు ప్రైవేటు బస్సుల టికెట్లు బుక్ చేసే కౌంటరులో పనిచేసే అన్న. శుక్రవారం రాత్రి ఎవరు ఏ కారణంతో ఊరికి వెళ్తున్నారో ఆయనకు తెలిసేది. తండ్రికి బాగాలేదని వెళ్లినవారికి సోమవారం ఫోను చేసేవాడు. ఆ గుణం శిక్షణతో రాదు, శిక్షణ కాలంలో బయటపడుతుంది.

తరువాత మీకు తప్పక ఎదురయ్యేది బాప్తిస్మం గొడవ. ప్రెస్బిటేరియన్లు విశ్వాసుల పసిపిల్లలకూ బాప్తిస్మం ఇస్తారు. మా దగ్గర ఒక జంటలో భార్య గుంటూరు లూథరన్, భర్త ఒంగోలు బాప్టిస్టు. బిడ్డ పుట్టగానే అతని తల్లి, 'నీళ్లు చల్లితే బాప్తిస్మమా? మునగాలి, అదీ తెలిసి మునగాలి' అని తేల్చి చెప్పింది. మాకు దారి చూపింది మా ప్రెస్బిటరీ నియమమే. సభ్యత్వానికి క్రీస్తుపై విశ్వాసాన్ని ఒప్పుకుంటే చాలు, విశ్వాస ప్రమాణాన్ని అంతటినీ అంగీకరించవలసినది పాస్టరు, పెద్దలు, పరిచారకులు (కష్టంలో ఉన్నవారికి సాయం చూసేవారు). అందుకని ఆ జంటను ఎవరూ బలవంతపెట్టలేదు. బిడ్డ కోసం ప్రార్థన చేశాం. ఆ పిల్లవాడికి ఇప్పటికీ బాప్తిస్మం కాలేదు. తండ్రి మాత్రం సండే స్కూలుకు ప్రాణం పెట్టి పనిచేస్తున్నాడు. సంఘ పెద్ద పదవికి నిలబడలేనని తనే చెప్పాడు, దాన్ని మేము గౌరవిస్తాం.

ఎదుగుదల సంగతి. ఉద్యోగం మారితే కుటుంబం హైదరాబాదుకో పుణేకో వెళ్లిపోతుంది, సంక్రాంతికి హాలు సగం ఖాళీ. మేము అనుకోని చోట సంఘం పెరిగింది. మనవలను చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు కన్నడం రాక, ఇంగ్లీషు రాక పగలంతా అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా ఉండేవారు. పిల్లలు బడికి వెళ్లాక, బుధవారం పొద్దున వారి కోసం ప్రార్థన కూటం పెట్టాం. పుస్తకం చూడకుండా కీర్తనలు అన్ని చరణాలూ పాడేవారు వాళ్లే. ఇరుగుపొరుగు తెలుగు స్త్రీలను వెంట తెచ్చిందీ వాళ్లే. ఆదివారం కూడా పని ఉండే భవన నిర్మాణ కార్మికుల కోసం తరువాత సాయంత్రం ఆరాధన మొదలుపెట్టాం. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) జరిగే ఆదివారం కానుక మొత్తం పరిచారకుల చేతికి, వారి నుంచి కష్టంలో ఉన్నవారికి వెళ్తుంది.

హాలు సంగతి చిన్నది. ఆదివారం ఖాళీగా ఉండే బడి చూసుకోండి, మైకు తగ్గించండి, ఒప్పందం కాగితం మీద పెట్టుకోండి. ఒక బడివారు ఉన్నట్టుండి వద్దన్నప్పుడు మా చేతిలో కాగితం లేదు.

పాస్టరును పిలిచేది సంఘమే, ఓటుతో. జీతం, ఇంటి అద్దె, సెలవులు పిలుపు పత్రంలో రాయాలి, ప్రెస్బిటరీ ఆమోదించాలి. అవి నెలనెలా ఇవ్వగలమని తేలాకే పిలవండి. అంతవరకు పెద్దలు కూటం నడపవచ్చు. బాప్తిస్మం, ప్రభువు బల్ల మాత్రం అభిషేకం పొందిన పాస్టరు వచ్చినప్పుడే.

ఇక డబ్బు. సంఘాన్ని ట్రస్టుగానో, 1960 నాటి కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందనో నమోదు చేయించి, సంఘం పేరిట ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలు పెట్టించండి. అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా అది తీసుకోకూడదు. ప్రేమతో ఇస్తున్న బంధువులకు ఈ మాట ముందే చెప్పండి, ప్రతి దాత పాస్‌పోర్టు నకలు ఫైలులో ఉంచండి.