నాన్నగారు "ఇక నేనెందుకు" అంటుంటే

వందనాలు బ్రదర్. చూపు తగ్గి, మోకాళ్ల నొప్పులతో చర్చికి వెళ్లలేక మీ నాన్నగారు "దేవుడికి ఇక నేనెందుకు" అంటున్నారని రాశారు. ముందు ఆయనకొక పని అప్పగించండి. మా అమ్మమ్మకీ ఇలాగే అయితే, సంఘంలో జబ్బుపడినవాళ్ల పేర్లు పొద్దున్నే కాఫీ టైంలో చదివి వినిపించేవాళ్లం. ఒక్కో పేరుకి ఒక్కో వేలు మడిచి ప్రార్థన చేసేది. వారం తిరిగేసరికి "ఆ ఆపరేషన్ అమ్మాయి ఎలా ఉంది?" అని తనే అడిగేది. ఫోన్లో ఆడియో బైబిల్ పెట్టి 71వ కీర్తన వినిపించండి, ముసలితనంలో నన్ను విడిచిపెట్టకని మొరపెట్టేది అందులోనే. దిగులుపడితే విశ్వాసం పోయినట్టు కాదు. బైబిల్లో "మంచి పోరాటం పోరాడితిని" అన్న అధ్యాయంలోనే అపొస్తలుడు పౌలు, త్రోయ పట్టణంలో వదిలిన అంగీ తెమ్మని తన శిష్యుడు తిమోతికి రాశాడు! అంతటి విశ్వాసీ తన అవసరం చెప్పుకున్నాడు. నిద్ర, ఆకలి తగ్గితే మాత్రం డాక్టర్‌కి చూపించండి. ప్రభువు బల్ల (చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసం) ఇంటికొచ్చి ఇవ్వమని పాస్టర్‌గారిని అడగండి, మొహమాటం వద్దు.