నాడ్ అంటే తల ఊపడమేనా?

క్లయింట్ మెయిల్‌లో 'ప్రపోజల్ గాట్ ద నాడ్' అని వచ్చిందని, డిక్షనరీలో చూస్తే తల ఊపడం అని ఉందని, ఇంతకీ అయిందా కాలేదా అని అడిగారు. అయింది. మీ ప్రపోజల్‌కు ఆమోదం దొరికింది, టెన్షన్ పడకండి. మన పేపర్లు 'పచ్చజెండా ఊపారు' అని రాసే చోట ఇంగ్లీషు పేపర్లు 'గివ్ ద నాడ్' అని రాస్తాయి. జట్టులో ఒక ఆటగాడికి చోటు దొరికినా 'గాట్ ద నాడ్' అనే అంటారు.

నేను గచ్చిబౌలిలో ఉంటూ చాలా కాలంగా బ్రిటన్ టీమ్‌తో పనిచేస్తున్నాను. వాళ్ల మాటలు వింటూ నేను పట్టుకున్న కిటుకు ఇది. నాడ్ అంటే తల కిందికి వాలి మళ్లీ పైకి లేవడం. మెలకువలో వాలితే 'సరే'. నిద్రలో వాలితే కునికిపాటు. ఇడియమ్స్‌లో చాలావరకు ఈ రెండింటిలో ఏదో ఒక దాని నుంచి పుట్టినవే.

రాత్రి షిఫ్ట్ దిగి రాయదుర్గంలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట రాకముందే కునుకు పట్టేస్తుంది చూడండి, అది 'నాడ్ ఆఫ్'. కావాలని పక్కేసుకుని పడుకుంటే ఆ మాట వాడరు. 'ఈవెన్ హోమర్ నాడ్స్' కూడా ఈ కోవలోదే. అంతటి గ్రీకు మహాకవి హోమర్ కూడా అప్పుడప్పుడు కునుకుతాడని రోమన్ కవి హోరేస్ అన్న మాట దీనికి మూలం. మనం 'ప్రమాదో ధీమతామపి' అనే సందర్భంలో ఇది సరిగ్గా సరిపోతుంది. 'ల్యాండ్ ఆఫ్ నాడ్' అంటే నిద్రాలోకం. నిజానికి అది బైబిల్ ఆదికాండం 4వ అధ్యాయంలో కయీను వెళ్లి కాపురమున్న నోదు దేశం పేరు. అక్కడ నిద్ర ప్రస్తావనే లేదు. ఇంగ్లీషులో పలుకు ఒకటే కావడంతో ఆ చమత్కారం పుట్టింది.

నాకు బాగా ఇష్టమైనది 'నాడింగ్ అక్వైంటెన్స్'. రోజూ ఇరానీ చాయ్ దగ్గర కనబడే మనిషి. పేరు తెలీదు, తల పంకించి పలకరించుకుంటాం, అంతే. మన ముఖపరిచయం. ఒక సబ్జెక్టు పైపైన తెలిసినా ఇదే మాట వాడొచ్చు. కొత్త భవనానికి చార్మినార్‌ను తలపించే కమానులు పెడితే అది 'ఎ నాడ్ టు చార్మినార్', అంటే దాన్ని గౌరవంగా గుర్తుచేయడం. మన గంగిరెద్దు బ్రిటన్‌లో 'నాడింగ్ డాగ్' అవుతుంది. కార్లలో పెట్టుకునే తల ఊగే కుక్క బొమ్మ అది.

'ఆన్ ద నాడ్' దగ్గర మాత్రం జాగ్రత్త. బ్రిటన్‌లో చర్చ లేకుండా ఆమోదం పొందిందని అర్థం. అమెరికా వాడుకలో మత్తుమందు మైకంలో జోగడం.

మరో సంగతి, మన వైపు అలవాటుగా తలను పక్కలకు ఆడించడం నాడ్ కాదు. వీడియో కాల్‌లో అది చూసి మా బ్రిటన్ టీమ్ వాళ్లు 'ఒప్పుకున్నట్టా, కాదా' అని ఆగిపోయేవారు. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందే చెబుతాను: తల ఆడిస్తూనే నోటితో 'యెస్' అనండి. మీ క్లయింట్‌కు కూడా 'థాంక్యూ, వి విల్ స్టార్ట్' అని ఇవాళే రిప్లై పెట్టేయండి.