చందా పుస్తకం తెరిచే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

క్లబ్బు హాలు శ్లాబు పెచ్చులు ఊడుతోందని, మీ కుర్రాళ్లంతా కలిసి చందాలకు బయల్దేరుతున్నారని తెలిసి చాలా సంతోషించాను. అక్కడ ఆడి పెరిగినవాళ్లు చెన్నైలో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. డబ్బు వస్తుంది నాయనా, ఆ దిగులు వద్దు. కానీ రేపే పుస్తకం పట్టుకుని కావలి బజారులోకి దిగకు. ముందు మంచి ఇంజనీరును పిలిపించు.

మిద్దె మీద నిలిచిన నీళ్లు లోపలికి దిగితే కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకే కాంక్రీటు పగిలి రాలుతుంది. మనకు సముద్రమూ ఎంతో దూరం లేదు, ఉప్పుగాలి కూడా తోడవుతుంది. పైపైన సిమెంటు పూసి రంగు వేస్తే డబ్బు దండగ. సుత్తితో తట్టి, డొల్లగా మోగిన చోటల్లా కమ్మీ కనపడేదాకా చెక్కాలి, తుప్పు గీకాలి, మిద్దె మీద వాటం సరిచేయాలి. కమ్మీ బాగా తినేసి ఉంటే ఆ భాగం శ్లాబే తీసెయ్యాల్సి రావచ్చు. ఈ రెండు పనుల ఖర్చుకూ పొంతన ఉండదు. ఏది చెయ్యాలో తేలకుండా ఎంత కావాలని అడుగుతావు?

ఎస్టిమేట్ వచ్చాక పనుల వారీగా విడగొట్టు. 'బిల్డింగ్ రిపేరుకు సాయం చెయ్యండి' అంటే జేబులో ఉన్న నోటు తీసిస్తారు. 'ఈ రెండు కిటికీలు మీ బ్యాచ్ పేరు మీద చేయించండి, ఇంతవుతుంది' అని చెప్పు. పాత స్నేహితులకు ఫోన్లు చేసి మరీ పోగేసి పంపుతారు.

అన్నిటికంటే ముఖ్యం పుస్తకంలో మొదటి పేజీ. షాపులో కూర్చున్న మనిషికి పుస్తకం ఇచ్చి చూడు. పెన్ను మూత తీస్తాడు, వేలు పై పేరు నుంచి కిందికి జరుపుతాడు, ఎదురు షాపాయన ఎంత రాశాడో చూస్తాడు, అప్పుడు రాస్తాడు. మొదటి వరుసలో 500 ఉంటే, 10,000 ఇద్దామనుకున్నవాడు కూడా 1,000 దగ్గర ఆగిపోతాడు. అందుకే ముందు మీ కమిటీవాళ్లు శక్తికొద్దీ రాయండి. తర్వాత గట్టిగా ఇవ్వగల నలుగురైదుగురి దగ్గరికి పెద్దవాళ్లను తోడు తీసుకుని వెళ్లండి. ఆ పేజీ నిండాకే బజారు. రెండు పార్టీల నాయకులనూ ఒకేరోజు కలవండి. ఒకరి పేరు ముందు బయటికొస్తే రెండోవాళ్లు దూరం జరుగుతారు.

సంక్రాంతికి బయట ఊళ్లవాళ్లంతా వస్తారు కాబట్టి వాళ్లను అప్పుడే అడగాలి. రైతులను మాత్రం అప్పుడు అడగొద్దు, డబ్బంతా పైరు మీదే ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో వరి కోతలయ్యాక వెళ్లు. కందుకూరు వైపు పొగాకు రైతులైతే వేలంలో బేళ్లు అమ్ముడుపోయాక. పని వేసవిలో మొదలుపెట్టి సెప్టెంబరుకల్లా ముగించెయ్యి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా.

సిమెంటు బస్తాలు ఇస్తామంటే వెంటనే దించుకోవద్దు, పని మొదలయ్యాక తీసుకుంటామని చెప్పు. మూడు నెలలు నిల్వ ఉంటే దాని బలం తగ్గుతుంది.

డబ్బు క్లబ్బు పేరు మీదున్న ఖాతాలోకే రావాలి, ఇద్దరి సంతకాలుంటేనే బయటికి పోవాలి. ఎవరి సొంత ఫోన్‌పే నంబరూ ఇవ్వకండి, నీది కూడా. రసీదులకు వరుస నంబర్లు ఉండాలి, మిగిలిన పుస్తకాలు వెనక్కి తీసుకోవాలి. అమెరికావాళ్ల సంగతి జాగ్రత్త. మన పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే చట్టం దాన్ని విదేశీ విరాళం కింద లెక్కేస్తుంది. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. వాళ్లు నొచ్చుకోకుండా నువ్వే ఫోన్ చేసి విషయం చెప్పు. పన్ను రాయితీ వస్తుందా అని అడిగేవాళ్లూ ఉంటారు. క్లబ్బుకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే అనుమతి, 80జీ అంటారే, అది ఉంటేనే వస్తుందని చెప్పు. ఉన్నా, 2,000 దాటి నగదుగా ఇచ్చినదానికి రాదు.

పని జరిగినన్నాళ్లూ ప్రతి ఆదివారం గేటు దగ్గర బోర్డు మీద వచ్చినదెంత, ఖర్చెంత, మిగిలిందెంత అని రాసిపెట్టు. బిల్లులు ఎవరడిగినా చూపించు. అడిగినవాడి మీద కోపం తెచ్చుకోకు, ఆ డబ్బు వాళ్లది.

ఎస్టిమేట్ రాగానే ఫోటో తీసి పంపు. మా బ్యాచ్ వాళ్లతో నేను మాట్లాడతాను. ఈలోగా హాలుకు తాళం వేసెయ్యి, పిల్లల్ని బయట కోర్టులోనే ఆడించు.

మీ మామయ్య